తొమ్మిదింబావు కొలువులో జీతమెంత?

ఉదయం తొమ్మిదింబావుకు మార్కెట్ తెరుచుకుంటుంది. దానికి ముందే ఫోన్లో బ్రోకర్ యాప్ తెరిచిన ఆప్షన్స్ ట్రేడర్‌కు ఒక చిన్న పెట్టె అడ్డం వస్తుంది. ఈక్విటీ ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్)లో సొంతంగా ట్రేడింగ్ చేసే ప్రతి పదిమందిలో తొమ్మిది మంది నష్టపోయారని అందులో రాసి ఉంటుంది. 2023 జులై నుంచి ఈ హెచ్చరిక చూపించి తీరాలన్నది మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశం. సిగరెట్ పెట్టె మీది బొమ్మను చూసినట్టే దీన్నీ చూస్తారు. ‘సరే’ నొక్కి లోపలికి పోతారు. ఉద్యోగం మానేసి ఇదే పని పెట్టుకుందామా అని ఊగిసలాడే కుర్రాడి నుంచి, రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిన పెద్దమనిషి దాకా అందరూ అడిగేది మాత్రం ఒకటే: ఇందులో నెలకు ఎంత మిగులుతుంది?

ప్రశ్నలోనే ఒక మెలిక ఉంది. ఆటో నడిపితే రోజుకు ఎంత మిగులుతుంది, టిఫిన్ సెంటర్ పెడితే ఎంత మిగులుతుంది అని అడిగితే ఎవరైనా ఒక మోస్తరు అంకె చెప్పగలరు. ఎందుకంటే ఆ పనుల్లో బాగా నెట్టుకొచ్చేవాడినీ, చేతులెత్తేసినవాడినీ పక్కన పెట్టి మధ్యలో ఉన్న మనిషిని పట్టుకుంటే, అతనికి ఎంతో కొంత గిడుతుంది. డే ట్రేడింగ్‌లో ఆ మధ్య మనిషి రాబడి సున్నాకు దిగువన ఉంది. అతను సంపాదించడం లేదు, కడుతున్నాడు. కాబట్టి ‘ఎంత వస్తుంది’ అనే ముందు ‘ఎవరికి వస్తుంది, ఎవరి దగ్గర్నుంచి వస్తుంది’ అని అడగాలి. ఆ వరసలో అడుగుతూ పోతే, ఈ రంగంలో నెలనెలా నికరంగా డబ్బు చూసేవాళ్లు ట్రేడర్లు కాదని తేలుతుంది.

ఇక్కడ డే ట్రేడర్ అంటే ఏ కంపెనీ జీతమూ లేకుండా, సొంత డబ్బుతో, ఏ రోజు కొన్నది ఆ రోజే అమ్మేసి ధర తేడా మీద బతకాలనుకునే మనిషి. వీళ్లలో రెండు తెగలున్నాయి. షేర్లనే ఉదయం కొని సాయంత్రంలోపు వదిలించుకునే ఇంట్రాడే వాళ్లు ఒకరు. నిఫ్టీ మీదో, విడి షేర్ల మీదో కాల్, పుట్ ఆప్షన్లు కొని అమ్మే ఎఫ్ అండ్ ఓ వాళ్లు ఇంకొకరు. డబ్బు పోయే వేగంలోనే తప్ప ఈ రెంటికీ స్వభావంలో పెద్ద తేడా లేదు.

మన దేశంలో ఈ లెక్క చీకట్లో లేదు. బ్రోకర్ల ఖాతాలు తీసుకుని సెబీయే లెక్క కట్టింది. 2024 సెప్టెంబరులో వచ్చిన అధ్యయనం 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాలది. ఎఫ్ అండ్ ఓలో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది పోగొట్టుకున్నవాళ్లే. ఖర్చులతో కలిపి తలకు సుమారు 2 లక్షల రూపాయలు. అంతా కూడితే 1.8 లక్షల కోట్లు దాటింది. బాగా దెబ్బతిన్న నాలుగు లక్షల మందిని విడదీసి చూస్తే, ఒక్కొక్కరికి సగటున 28 లక్షలు పోయాయి. ఇక గెలిచినవాళ్ల సంగతి: ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవాళ్లు నూటికి ఒక్కరు. మూడేళ్ల కాలానికి లక్ష అంటే నెలకు 2,800 కూడా కాదు. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఏడాదికి వంద రోజుల చొప్పున మూడేళ్లు మట్టి పని చేస్తే 92,100 వస్తుంది. కోటి మంది ట్రేడర్లలో 99 శాతం మంది ఆ కూలికి కాస్త అటూఇటూగా ఉన్న గీతను కూడా దాటలేదన్నమాట. కూలికి వెళ్లినవాడి పెట్టుబడి చేతులూ, ఒక పారా. వీళ్ల పెట్టుబడి లక్షలు.

తర్వాతి ఏడాది బాగుపడిందా అంటే లేదు. 2024 చివర్లో సెబీ కట్టుదిట్టాలు పెట్టింది. ఒక్కో కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచింది. వారం వారం ముగిసే కాంట్రాక్టులను ఒక్కో ఎక్స్ఛేంజి ఒక్క సూచీ మీదే ఉంచాలంది. అయినా 2024-25లో వ్యక్తుల నికర నష్టం 1,05,603 కోట్లు. అంతకు ముందటి ఏడాది 74,812 కోట్లు. నష్టపోయినవాళ్ల వాటా ఆ రెండేళ్లలోనూ 91 శాతం దగ్గరే నిలిచింది. ఎఫ్ అండ్ ఓ వద్దు, షేర్లలో ఇంట్రాడే చాలు అనుకునేవాళ్ల పరిస్థితి కొంత నయమే గానీ, నయం అన్నమాట చాలా పెద్దది. 2022-23లో వాళ్లలో 71 శాతం నష్టపోయారు. ఏడాదికి 500 కంటే ఎక్కువసార్లు ట్రేడ్ చేసినవాళ్లలో అది 80 శాతం. మార్కెట్ ఏడాదికి 250 రోజుల లోపే నడుస్తుంది. రోజుకు రెండు ట్రేడ్లు చేస్తే 500 అవుతాయి. ఇదే జీవనాధారంగా పెట్టుకున్నవాడు సహజంగానే ఆ 80 శాతం గుంపులో పడతాడు. ఎంత గట్టిగా పని చేస్తే అంత ఎక్కువ పోయే కొలువు ఇంకొకటి చెప్పమంటే కష్టం.

ఎందుకిలా? తెలివి తక్కువై కాదు. ఒక్క ట్రేడ్‌ను దగ్గరగా పట్టి చూస్తే తెలుస్తుంది. చేతిలో 20,000 రూపాయలున్నాయి. ఇంట్రాడేలో బ్రోకర్ అయిదు రెట్ల దాకా మార్జిన్ ఇవ్వొచ్చు కాబట్టి లక్ష రూపాయల సరుకు కొనొచ్చు. 200 రూపాయల షేరు 500 కొన్నారు. అది అర్ధరూపాయి పెరిగింది, 200.50కి అమ్మారు. తెర మీద 250 రూపాయలు పచ్చగా మెరుస్తాయి. సాయంత్రం వచ్చే కాంట్రాక్ట్ నోట్ వేరే కథ చెబుతుంది. కొన్నందుకు 20, అమ్మినందుకు 20, బ్రోకరేజీ 40. అమ్మకం మీద సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్ 0.025 శాతం, అంటే 25. ఎక్స్ఛేంజి రుసుము సుమారు 6. స్టాంపు డ్యూటీ 3. బ్రోకరేజీ మీదా ఎక్స్ఛేంజి రుసుము మీదా జీఎస్టీ 18 శాతం, అంటే 8. మొత్తం 82. చేతికి దక్కింది 168. అదే షేరు అర్ధరూపాయి పడి ఉంటే? 250 పోవడంతో ఆగదు. ఆ 82 కూడా కలిసి 332 పోతుంది.

ఇప్పుడు ఈ మనిషి నిజంగా నేర్పరి అనుకుందాం. వందసార్లు అంచనా కడితే అరవైసార్లు కరెక్టు. మార్కెట్‌లో అది మామూలు విద్య కాదు. గెలిచిన అరవై ట్రేడ్ల మీద 10,080 వచ్చింది, ఓడిన నలభై మీద 13,280 పోయింది. నికరంగా 3,200 నష్టం. నూటికి అరవై మార్కులు తెచ్చుకుని కూడా 20,000 పెట్టుబడిలో ఆరో వంతు హారతి కర్పూరం. అసలు నష్టం లేకుండా బయటపడాలంటేనే వందకు 67 సార్లు గెలవాలి. పెద్ద కదలిక కోసం ఓపిక పడితే ఖర్చు వాటా తగ్గుతుంది, నిజమే. కానీ రోజు మొత్తంలో పెద్ద కదలికలు ఎన్నో ఉండవు. ఎదురుచూసినంతసేపూ ఎదురు కదలిక భయం ఉంటుంది. మూడూ ఇరవై అయ్యేసరికి బ్రోకరే ట్రేడ్‌ను ముగించేస్తాడు (స్క్వేర్ ఆఫ్). సెబీ ఇంట్రాడే అధ్యయనంలోనూ ఇదే కనిపించింది: 2022-23లో నష్టపోయినవాళ్లు తమ ట్రేడింగ్ నష్టానికి మరో 57 శాతం కలిపి ఖర్చుల కింద కట్టారు. పుండు మీద కారం అనేది ఇలాంటిదానికే కావచ్చు.

ఖర్చు ఒక చిల్లు. అవతలి వైపు కూర్చున్నది ఎవరన్నది ఇంకో సంగతి. షేరు కొని పదేళ్లు ఉంచుకుంటే కంపెనీ లాభం పెరిగి, డివిడెండ్ వచ్చి, కొన్నవాడూ అమ్మినవాడూ ఇద్దరూ బాగుపడొచ్చు. ఒక్కరోజు ఆటలో ఆ అవకాశం లేదు. ఉదయం తొమ్మిదింబావు నుంచి మధ్యాహ్నం మూడున్నర లోపు కంపెనీ కొత్తగా ఏమీ సంపాదించదు. నా జేబులోకి వచ్చే రూపాయి ఎవరో ఒకరి జేబులోంచే రావాలి. 2023-24లో ఎఫ్ అండ్ ఓలో ఖర్చులు తీయకముందు వ్యక్తులూ తదితరులూ 61,000 కోట్లకు పైగా పోగొట్టుకుంటే, సొంత డబ్బుతో ట్రేడ్ చేసే ప్రొప్రైటరీ సంస్థలు 33,000 కోట్లు, విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపర్లు 28,000 కోట్లు లాభం చూశారు. రెండూ కూడితే దాదాపు అంతే. అక్కడ పోయింది ఇక్కడ తేలింది. ఆ లాభాల్లో 96, 97 శాతం అల్గారిథమ్‌ల ద్వారా వచ్చినవే. అంటే మన ట్రేడర్ కాఫీ పక్కన పెట్టుకుని చార్టు చూసి ‘కొను’ నొక్కేసరికి, ఎక్స్ఛేంజి పక్కనే సర్వర్లు పెట్టుకున్న యంత్రం అంతకన్నా ముందే కొని ఉంటుంది. 2025 జులైలో సెబీ తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చిన అమెరికా ట్రేడింగ్ సంస్థ జేన్ స్ట్రీట్ వ్యవహారంలో అవకతవకలు జరిగాయా లేదా అన్నది వివాదంలో ఉంది. ఆ సంస్థ ఆరోపణలను తోసిపుచ్చింది. తప్పొప్పుల మాట అలా ఉంచినా, 2023 జనవరి నుంచి 2025 మార్చి దాకా ఆ సంస్థల బృందం భారత మార్కెట్లలో 36,502 కోట్లు లాభం చేసిందన్న ఆ ఉత్తర్వులోని అంకె ఒక్కటి చాలు, బరిలో అవతలివాడి సైజు తెలియడానికి.

దీనికి మొదట వచ్చే జవాబు: ‘అందరూ ఓడిపోరు కదా, నేర్చుకుంటే ఆ పదిలో ఒకడిని నేనే కావచ్చు.’ ఇది తీసిపారేసే మాట కాదు. నేర్పు అనేది ఉందని చూపించిన పరిశోధనే ఉంది. తైవాన్‌లో 1992 నుంచి 2006 దాకా జరిగిన ట్రేడింగ్ మొత్తాన్ని బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఒడియన్, వాళ్లతో పాటు మరి ఇద్దరు పరిశోధకులు జల్లెడ పట్టారు. ఏటికేడాది గెలుస్తూ వచ్చే అసలైన నేర్పరులు ఉన్నారని తేల్చారు. వాళ్లు ఎంతమంది అంటే, డే ట్రేడర్లందరిలో నూటికి ఒక్కరి కంటే తక్కువ. ఇక నేర్చుకోవడం గురించి: బ్రెజిల్‌లో ఫెర్నాండో చేగ్, రోడ్రిగో డి లోసో, బ్రూనో జియోవనెట్టి 2013-15 మధ్య ఫ్యూచర్స్‌లో కొత్తగా దిగిన 19,646 మందిని వెంబడించారు. మధ్యలో మానకుండా 300 రోజులకు మించి ట్రేడ్ చేసినవాళ్లు 1,551 మంది. అనుభవం వచ్చాక గెలుస్తారన్నది నిజమైతే ఈ గుంపులో కనిపించాలి. వీళ్లలో 97 శాతం నష్టపోయారు. ఆ దేశపు కనీస వేతనం కంటే ఎక్కువ సంపాదించినవాళ్లు 1.1 శాతం. బ్యాంకు కౌంటర్లో కొత్తగా చేరిన క్యాషియర్ జీతాన్ని దాటినవాళ్లు 0.5 శాతం, మనిషి లెక్కన ఏడెనిమిది మంది.

ఆ అధ్యయనంలో అందరికన్నా పైనున్న మనిషి లెక్క మరీ ఆసక్తికరం. అతను రోజుకు సగటున 310 డాలర్లు సంపాదించాడు. వినడానికి బాగుంది. కానీ అతని రోజువారీ ఒడిదుడుకు 2,560 డాలర్లు, అంటే సగటుకు ఎనిమిది రెట్లు. నెలకు ఇరవై రోజుల పని అనుకుని మామూలు సంభావ్యత లెక్క వేస్తే, 1,551 మందిలో మొదటి ర్యాంకు వచ్చిన ఈ మనిషికి కూడా ఏడాదిలో మూడు నాలుగు నెలలు నష్టంతో ముగుస్తాయి. అతనికీ ఇంటద్దె ఉంటుంది, పిల్లల ఫీజులుంటాయి. వరసగా రెండు నష్టాల నెలలు వస్తే మూడో నెల ఇంటి ఖర్చు పెట్టుబడిలోంచే తీయాలి. తీసిన కొద్దీ పెట్టుబడి తగ్గుతుంది, తగ్గిన పెట్టుబడి మీద రాబడి ఇంకా తగ్గుతుంది. నేర్పు ఉన్నవాడిని కూడా ఈ బండి కిందకి తోసేది ఇదే. జీతం కాని దాన్ని జీతంలా వాడుకోబోవడం.

‘ప్రతి వ్యాపారంలోనూ మునిగేవాళ్లుంటారు’ అన్నది రెండో వాదన. ఉంటారు. హోటలు మూతపడుతుంది, బట్టల కొట్టు ఎత్తేస్తారు. కానీ వంద హోటళ్లలో తొంభై ఒకటి నష్టంలో నడుస్తూ, ఆ ఊళ్లో జనం తినడమూ మానని చోటు నాకు తోచదు. హోటలుకు వచ్చినవాడు ఇడ్లీ తిని డబ్బిచ్చి పోతాడు. ఇచ్చినవాడికి కడుపు నిండుతుంది, తీసుకున్నవాడికి గల్లా నిండుతుంది. ఒక్కరోజు ట్రేడ్‌లో అవతలివాడు గిరాకీ కాదు, పోటీదారు. పైగా కొట్టు మూసినవాడికి ఫర్నిచరో, అడ్వాన్సో, నాలుగు ముఖాల పరిచయమో మిగులుతుంది.

కొంచెం తెలిసినవాళ్లు వేసే ప్రశ్న మరొకటుంది: ఎఫ్ అండ్ ఓ నష్టాల్లో కొంత, చేతిలో ఉన్న షేర్లకు బీమాలాగా కొన్న పుట్‌ల తాలూకుది కాదా? పంట బీమా ప్రీమియం కట్టిన రైతు నష్టపోయాడని అంటామా? వాదన సరైనదే, కానీ ఈ జనానికి అతకదు. 2023-24లో ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తుల్లో మూడు వంతులకు పైగా తమ వార్షికాదాయం 5 లక్షల లోపే అని ప్రకటించినవాళ్లు. 43 శాతం ముప్పై ఏళ్ల లోపువాళ్లు. 72 శాతానికి పైగా దేశంలోని మొదటి 30 నగరాల బయట ఉండేవాళ్లు; మన వైపు చెప్పుకోవాలంటే గుడివాడ, జగిత్యాల, నంద్యాల లాంటి ఊళ్లు ఈ కోవవే. పెద్ద షేర్ల మూటను కాపాడుకోవడానికి పుట్‌లు కొనే మనుషుల చిరునామా ఇది కాదు. ఏడాదికి అయిదు లక్షలు రాని ఇంట్లో ఎఫ్ అండ్ ఓ కింద రెండు లక్షలు పోతే, ఆ లోటు పూడేది చీటీ పాటలోంచో, బంగారం కుదువలోంచో.

మరి లాభాలు చూపించే ఆ టెలిగ్రామ్ స్క్రీన్‌షాట్లు? అవి అన్నీ దొంగవి కానక్కర్లేదు, అదే చిత్రం. 80 లక్షల మంది రోజూ నాణెం ఎగరేసి బొమ్మ పడితే గెలుపు అనుకుందాం. పది రోజులు వరసగా బొమ్మే పడినవాళ్లు దాదాపు 7,800 మంది తేలతారు, ఎవరికీ ఏ నేర్పూ లేకుండానే. ఆ 7,800 మంది తమ పదిరోజుల పచ్చని అంకెల్ని పెడితే మన ఫోన్లు నిండిపోవా? ఓడిన మిగతావాళ్లు ఏమీ పెట్టరు. అందుకే ఎవరైనా నెలకు లక్షలు వస్తున్నాయంటే అడగాల్సింది ఒక రోజు స్క్రీన్‌షాట్ కాదు. బ్రోకర్ దగ్గర దొరికే మూడేళ్ల ట్యాక్స్ పీ అండ్ ఎల్ (లాభనష్టాల పట్టీ), దాంతో పాటు ఆదాయపు పన్ను రిటర్ను. ఇంట్రాడే లాభాన్ని పన్ను చట్టం స్పెక్యులేషన్ వ్యాపారంగా చూస్తుంది, స్లాబు ప్రకారం పన్ను పడుతుంది. నష్టం వస్తే దాన్ని జీతంలోంచి తగ్గించుకోవడానికి లేదు. నాలుగేళ్ల లోపు మళ్లీ అలాంటి స్పెక్యులేషన్ లాభమే వస్తే దాంతో సరిపెట్టుకోవాలి. నిజంగా సంపాదించినవాడి రిటర్నులో ఆ లాభం కనిపించి తీరుతుంది.

పెట్టుబడి వైపు నుంచి చూసినా లెక్క ఇలాగే తేలుతుంది. నెలకు 50,000 కావాలనుకున్న మనిషి చేతిలో 10 లక్షలుంటే, ఏడాదికి 60 శాతం రాబడి తేవాలి, అదీ ఏటా. నిఫ్టీ దీర్ఘకాలంలో ఏడాదికి 12 శాతం అటూఇటూగా ఇచ్చింది, దానికోసం ఎవరూ తెర ముందు కూర్చోలేదు. చురుగ్గా ట్రేడ్ చేసేవాళ్లలో మూడేళ్ల కాలంలో బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ కన్నా ఎక్కువ సంపాదించేవాళ్లు ఒక శాతం లోపేనని బ్రోకరేజీ సంస్థ జెరోధా వ్యవస్థాపకుడు నితిన్ కామత్ బహిరంగంగానే అన్నారు. జనం ట్రేడ్ చేస్తేనే తనకు ఆదాయం వచ్చే మనిషి అన్న మాట కనుక దానికి బరువు ఎక్కువ.

ఇంతమంది పోగొట్టుకుంటున్నా దుకాణం ఎందుకు నడుస్తోందంటే, నిత్యం దక్కేవాళ్లు వేరే ఉన్నారు. మిర్చి యార్డులో ధర పెరిగినా పడినా కమీషన్ ఏజెంటుకు కమీషన్ ఆగదు, ఇక్కడా అంతే. 2021-22 నుంచి 2023-24 దాకా ఎఫ్ అండ్ ఓ ఖర్చుల కింద వ్యక్తులు కట్టింది సుమారు 50,000 కోట్లు. అందులో 51 శాతం బ్రోకరేజీ, 20 శాతం ఎక్స్ఛేంజి రుసుములు, మిగిలినదాంట్లో పన్నులూ సుంకాలూ. రెండేళ్లు వరసగా నష్టపోయినవాళ్లలో మూడు వంతులకు పైగా మళ్లీ ట్రేడ్ చేస్తూనే ఉన్నారని సెబీ 2024 అధ్యయనం చెప్పింది, కాబట్టి ఈ రాబడికి ఇప్పట్లో ఢోకా లేదు. వీళ్ల పక్కనే ఇంకో తెగ పుట్టుకొచ్చింది, ట్రేడింగ్ నేర్పేవాళ్లు. 2023 అక్టోబరులో సెబీ ఒక యూట్యూబ్ గురువు మీద తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. తన కోర్సుల్లో చేరితే నిలకడగా లాభాలు వస్తాయని ఊరించి ఆ బృందం జనం దగ్గర 17 కోట్లకు పైగా వసూలు చేసిందని అందులో ఉంది. అదే ఉత్తర్వులో, 2021 జనవరి నుంచి 2023 జులై దాకా ఆ గురువు సొంత ట్రేడింగ్ ఖాతా లెక్క కూడా ఉంది: 2.89 కోట్ల నష్టం.